దిండిగల్ కోట మీద మనోళ్ళు

దిండిగల్ కోటకు తీసుకుపోతానని మా నాయన నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చెబుతూ వచ్చాడు. మేము మదురలో మిల్లు లైను ఇళ్ళలో ఉండేవాళ్ళం. నాయనకు మిల్లులో దూది బేళ్ళు విప్పే గదిలో పని. ఇంటికి వచ్చేసరికి కనుబొమల మీద, చెవుల మీద దూది పేరుకుపోయి, నలభై నిండని మనిషి ముసలాయనలా కనిపించేవాడు. నీళ్ళు పోసుకుని, దగ్గు సర్దుకున్నాక, నన్నూ తమ్ముణ్ణీ పక్కన కూర్చోబెట్టుకుని కోట కథ ఎత్తుకునేవాడు.

"మనం ఈ సీమోళ్ళం గాదు. నాయకరాజుల దండుతో వచ్చినోళ్ళం. దిండిగల్ కోటలో గుర్రాలకు జీనులు కుట్టింది మన తాతలు. సిపాయిల కాళ్ళకు చెప్పులు, బాయిలో నీళ్ళు తోడను తోలు సంచులు, అన్నీ మన చేతి పనే. మనం లేకపోతే ఆ దండు అడుగు కదిపేదే లేదు."

వంటింట్లోంచి అమ్మ అడిగేది: "జీను కుట్టినోణ్ణి గుర్రమెక్కనిచ్చినారా?"

నాయన ఆ మాట వినిపించుకునేవాడు కాదు.

నాయన పుట్టింది తిరుమంగళం పక్కనున్న పల్లెలో. అక్కడ భూములన్నీ ఒక పెద్ద ఇంటివాళ్ళవి. వాళ్ళూ తెలుగువాళ్ళే, మేమూ తెలుగువాళ్ళమే. వాళ్ళ మోట బావికి తోలు సంచి కుట్టిపెట్టేది మా తాత. చినిగితే మళ్ళీ కుట్టేదీ ఆయనే. ఆ ఇంటి పెరట్లో మా అవ్వ దాహమంటే, పైనుంచి ఆమె దోసిట్లోకి నీళ్ళు పోసేవారట. నాయన మీసాలు రాకముందే ఆ ఊరు వదిలి మదుర వచ్చి మిల్లులో చేరాడు. "మిల్లులో దూది అందరి నెత్తినా ఒకే మాదిరి పడుతుంది" అనేవాడు. తోలు మళ్ళీ ముట్టనని తన తండ్రి ముందే ఒట్టు పెట్టుకుని వచ్చాడట.

అమ్మది చర్చివాళ్ళ కుటుంబం. మిషను హాస్టల్లో పెరిగింది. బొట్టు పెట్టుకోదు, పూలు తప్ప వేరే అలంకారం లేదు. నాయన పెళ్ళికోసం చర్చికి వచ్చాడు, ఆ తరవాత క్రిస్మస్‌కు తప్ప రాలేదు. అమ్మ దాని గురించి ఎప్పుడూ ఆయనతో తగువు పడలేదు. ఎవరి దేవుడు వాళ్ళకు అన్నట్టు ఉండేది ఇల్లు.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, ఒక మిల్లు సెలవురోజున, నాయన చివరికి మాట నిలబెట్టుకున్నాడు. పొద్దున్నే దిండిగల్ బస్సెక్కాం. కోట చూసి దిగాక బిరియానీ తినిపిస్తానన్నాడు. ఆ రోజు కోట మాకెంతో తమ్ముడికి బిరియానీ అంత. అయినా అమ్మ ఇడ్లీలకు పొడి పూసి డబ్బాలో పెట్టుకుంది. "నీకు నా మాట మీద నమ్మకం లేదు" అని నాయన నవ్వాడు. ఆయన ఆ రోజు ఇస్త్రీ చొక్కా తొడిగాడు, పెళ్ళినాటి వాచీ కట్టాడు. అంత సంతోషంగా నేను ఆయన్ని ముందూ చూడలేదు, తరవాతా చూడలేదు.

దిండిగల్ కోట ఊరి నడుమ ఒకే బండ. దూరం నుంచి చూస్తే ఎవరో దిండు పెట్టి మరిచిపోయినట్టు ఉంటుంది. బండలోనే మెట్లు తొలిచారు, చాలాచోట్ల అవి మెట్లు కూడా కావు, కాలు ఆనడానికి చెక్కిన గాట్లు. ఎండ ఎక్కకముందే ఎక్కాలని నాయన తొందరపెట్టాడు. కొంతదూరం పోయాక కోట ద్వారం, దాని కింద చల్లటి నీడ. ఆ నీడలో రాతిమీద ఒక పెద్దామె కూర్చుని ఉంది. కాటన్ పట్టంచు చీర, ముక్కుకు రెండువైపులా రాళ్ళ బేసరులు. మోకాళ్ళు నొక్కుకుంటూ, పై మెట్టు మీద నిలబడ్డ భర్తతో అంటూంది:

"నా వల్ల గాదు. నువ్వు పోయి నీ తాతల్ని చూసుకోని రాపో. నేను ఈడనే ఉంటా."

మా తమ్ముడు గట్టిగా అరిచాడు. "నాయనా! ఈ అవ్వ మన మాట మాట్లాడతాంది!"

మదుర వీధుల్లో మా ఇంటి భాష మాకు ఎక్కడా వినబడేది కాదు. బళ్ళో తమిళం, బజారులో తమిళం, చర్చిలో తమిళం. తెలుగు మా నాలుగు గోడల మధ్యే పుట్టి అక్కడే అణిగిపోయేది. అలాంటిది, కొండమీద, ఎవరో తెలియని మనిషి నోట అది వినేసరికి నాకే ఒళ్ళు జలదరించింది. ఆ పెద్దామె మా వైపు తిరిగి, రెండు చేతులూ చాచింది.

"ఎవురి బిడ్డలురా మీరు? తెలుగోళ్ళా? ఏమయ్యా, వచ్చి చూడు, తెలుగు పిల్లోళ్ళు!"

ముసలాయన దిగివచ్చాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చేతిలో పొన్నుకర్ర. నాయన భుజం మీద చెయ్యి వేశాడు. అలా వేయడానికి ఆయనకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"మనోళ్ళే! నేను చెప్పలా? ఈ బండ మీద కాలు పెడితే మనోళ్ళు ఎవురన్నా అగపడకుండా పోరని. మేము కోయంబత్తూరు, ఆర్.ఎస్. పురం. పళని, మదుర మీనాక్షి చూసుకోని తిరిగి ఇంటికి పోతాండాము. దారిలో కోట చూడకపోతే నాకు నిద్ర పట్టదు. మీదే ఊరు తంబీ?"

"మదుర అయ్యా. మిల్లులో పని. పుట్టింది తిరుమంగళం పక్క."

"తిరుమంగళమా! ఎవురింటోళ్ళు? ఇంటిపేరేమి?"

ఆ ప్రశ్న వచ్చినప్పుడు ముసలాయన చెయ్యి ఇంకా నాయన భుజం మీదే ఉంది. నాయన ఆ చేతివైపు చూశాడు. తరవాత ఒక ఇంటిపేరు చెప్పాడు. అది మాది కాదు. మా అవ్వ దోసిట్లో నీళ్ళు పోసిన ఇంటివాళ్ళది.

అమ్మ తల ఎత్తి ఆయన్ని చూసింది. నేను అమ్మను చూశాను. తమ్ముడికి ఏమీ తెలియలేదు, వాడు ద్వారానికున్న ఇనుప మేకులు లాగి చూస్తున్నాడు.

"ఆ ఇంటోళ్ళా!" ముసలాయన గొంతు పెరిగింది. "మా చిన్నాయన బిడ్డను ఆ పక్కనే ఇచ్చినాము. పెండ్లికి పోయినప్పుడు నేను ఆ ఇల్లు చూసుండా. ముందర పెద్ద అరుగు గదా?"

"ఔనయ్యా. పెద్ద రాతి అరుగు. పెరట్లో చింతచెట్టు, పక్కన గడ్డివామి. దాని అవతల మోట బాయి. నాలుగు జతల ఎద్దులుండేవి. ఒకటి కపిల రంగుది, మచ్చది, ఎవుర్నీ దగ్గరికి రానిచ్చేది గాదు."

నాయన తడుముకోలేదు. ఆ ఇంటి గురించి ఆయనకు తెలియంది లేదు, గడప లోపలిది తప్ప. చెప్పినదంతా పెరటివైపు నుంచి చూసినదేనని ముసలాయన గమనించలేదు. "మరి మిల్లులో పనేంది?" అని మాత్రం అడిగాడు.

"పంపకాల్లో పోయినాయి అయ్యా."

"అయ్యో" అన్నాడాయన. నిజంగా బాధపడ్డాడు. "భూమి పోతే మనిషి పోయినట్టే."

పెద్దామె ఈలోగా అమ్మ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. అమ్మ మొహాన్ని పరీక్షగా చూసి, "ఏమ్మా, బొట్టేదీ? చెమటకి కారిపోయిందా?" అంది. జవాబు కూడా తనే ఇచ్చుకున్నట్టయింది. అమ్మ నోరు తెరిచేలోపే చీర కుచ్చెళ్ళ దగ్గర దోపుకున్న సంచిలోంచి పళని కుంకుమ పొట్లం తీసి, వేలితో అమ్మ నుదుట ఒత్తి పెట్టింది. "ముత్తైదువ ఉత్త నుదురుతో ఉండరాదు" అంది ప్రేమగా.

అమ్మ కదల్లేదు. నాయన వైపు చూసింది. నాయన బండ చివరికి పోయి కింద ఊరిని చూస్తున్నట్టు నిలబడ్డాడు.

అమ్మను పెద్దామె దగ్గర వదిలి మేము నలుగురం పైకి ఎక్కాం. ముసలాయన దారిపొడుగునా చెబుతూనే ఉన్నాడు. ఇది ఫిరంగి పెట్టిన బురుజు. ఇది మందు దాచిన గది, గోడలు చూడు, ఏనుగు అంత మందం. ఇవి ఖైదీల కొట్లు. నాయకరాజుల తరవాత మైసూరు వాళ్ళు, వాళ్ళ తరవాత ఇంగ్లీషు వాళ్ళు. "అయితే మొదట దీన్ని కాచింది మనం. మా ముత్తాత తాత ఈ కోటకి కావలి. గుర్రం మీద ఈ మెట్లెక్కి వచ్చేవాడంట." గుర్రం ఆ బండ మీద ఎలా ఎక్కుతుందో నాకు అర్థం కాలేదు. ఆయన చెప్పినదీ మా నాయన చెప్పినదీ ఒకే రకం కథ. ఏ రాతిమీదా రాసిలేదు, తాత చెబితే మనవడు నమ్మినది.

కొండ నెత్తిన గుడి ఉంది. లోపల దేవత లేదు. యుద్ధాల కాలంలో విగ్రహాన్ని కింద ఊళ్ళోకి దించేశారని, మళ్ళీ ఎక్కించలేదని ముసలాయన చెప్పాడు. ఖాళీ గర్భగుడిలోకి ఆయన చేతులు జోడించాడు. పక్కనే నాయన కూడా జోడించాడు. అక్కడినుంచి చూస్తే సిరుమలై కొండలు నీలంగా, కింద రైలు పట్టాలు, ఇళ్ళ కప్పులు, పెద్ద మసీదు. ఒక పక్కన తోళ్ళు పదును చేసే షెడ్లు. గాలి అటునుంచి తిరిగినప్పుడల్లా సున్నమూ కుళ్ళూ కలిసిన వాసన పైదాకా వచ్చేది.

"తాతా, గుర్రాల్ని యాడ కట్టేసేవాళ్ళు?" తమ్ముడు అడిగాడు. "మా నాయన చెప్పినాడు, ఈడ జీనులు..."

నాయన వాడి భుజం నొక్కిపట్టాడు. వాడు నొప్పికి మూలిగాడు. "ఊరికే ఉండు. పెద్దాయన చెప్తాండారు గదా, విను."

ఎన్నేళ్ళుగా మాకు చెబుతూ వచ్చిన కథ, దాన్ని చెప్పాల్సిన చోటికి చేరాక, ఆయన నోట ఒక్క ముక్క బయటికి రాలేదు. తల ఊపుతూ వేరేవాళ్ళ తాతల కథ విన్నాడు.

కిందికి దిగేసరికి పెద్దామె అమ్మ చేతిని ఒళ్ళో పెట్టుకుని ఉంది. మేము దగ్గరికి రాగానే నన్ను లాక్కుంది. "నన్ను అవ్వా అని పిలువు బిడ్డా."

"అవ్వా" అన్నాను.

ఆమె కళ్ళు నిండాయి. "ఇంట్లో ఆరుమంది మనవళ్ళు మనవరాళ్ళు. ఒక్కరికీ మన మాట రాదు. పాట్టీ అంటారు, లేకపోతే ఇంగ్లీషు. నేను తెలుగులో తిట్టినా వాళ్ళకి తెలవదు. ఇంకొకసారి అను."

మళ్ళీ అన్నాను. ఎన్నిసార్లు అనమంటే అన్నిసార్లు అన్నాను. ఆమెను నేను ఈరోజుకీ ద్వేషించలేను, నాకు చిరాకు పుట్టించేది అదే.

కింద వాళ్ళ కారుంది. ఆత్తూరు పక్క డ్యామ్ దగ్గర చెట్ల కింద భోంచేద్దాం రమ్మని పట్టుబట్టారు. నాయన ఒకసారి వద్దన్నాడు, రెండోసారి అనలేదు. తమ్ముడు నా చెవిలో "బిరియానీ?" అన్నాడు. నేను వాడి తొడమీద గిల్లాను. మేము అంతకుముందు కారెక్కి ఎరగం. అమ్మ పెద్దామె పక్కన, కిటికీకి అతుక్కుని కూర్చుంది. నుదుట కుంకుమ చెమటకు ముక్కుమీదికి జారుతూంది. ఆమె తుడుచుకోలేదు.

డ్యామ్‌లో నీళ్ళు సగానికి ఉన్నాయి. వెనక కొండలు నీళ్ళలో తలకిందులుగా కనబడుతున్నాయి. డ్రైవరు జంపఖానా పరిచి క్యారియరు విప్పాడు. నిమ్మకాయ సాదం, పెరుగన్నం, ఉర్లగడ్డ వేపుడు, సిరుమలై అరటిపళ్ళు. పెద్దామె అందరికీ తనే వడ్డించింది. నాకూ తమ్ముడికీ పెరుగన్నం ముద్దలు చేసి చేతిలో పెట్టింది. అమ్మ మా ఇడ్లీల డబ్బా సంచిలోనే అదిమిపెట్టింది.

ముసలాయన తింటూ నాయనతో అన్నాడు. "మనోడు దూదిలో చచ్చేదేంది? కోయంబత్తూరు వచ్చెయ్. మా మిల్లులో నిన్ను మేస్త్రీగా పెట్టిస్తా. మనోళ్ళని మనం చూసుకోకపోతే ఎవురు చూస్తారు?" ఆర్.ఎస్. పురంలో ఇంటికి ఎలా రావాలో వేలితో జంపఖానా మీద గీసి చూపించాడు.

"వస్తానయ్యా" అన్నాడు నాయన.

అప్పుడు గాలి తిరిగిందో, కారులోనే అంటుకుని వచ్చిందో, పెద్దామెకు కొండమీది ఆ తోళ్ళ వాసన గుర్తొచ్చింది. మూతి కొంగుతో మూసుకుని అంది: "ఆ కొండ మీద కూచోని ఆ కంపు ఎట్ల ఓర్చుకున్నానో. ఆ తోలు పని చేసేవాళ్ళు గూడా తెలుగే మాట్లాడతారంట, తెలుసునా? ఒకసారి మా తోటలోకి పనికి వచ్చినారు. నా మాట వాళ్ళ నోట్లో వింటే నాకు ఒళ్ళు మండిపాయె. ఎవురి మాట ఎవురు మాట్లాడేది? ఏం తంబీ?"

చెడ్డతనంగా అనలేదు. పెరుగన్నంలో ఉప్పు చాలలేదు అన్నంత మామూలుగా అంది.

నాయన నోట్లో ముద్ద ఉంది. అది మింగాడు. "ఔనౌనమ్మా" అన్నాడు.

అమ్మ లేచింది. ఆకులో అన్నం అలాగే ఉంది. చేతులు కడుక్కోవాలని చెప్పి నీళ్ళ అంచుకు పోయి, వాళ్ళు పిలిచేదాకా తిరిగి రాలేదు. "పాపం, ఎండ పడలేదు" అంది పెద్దామె.

సాయంత్రం దిండిగల్ బస్టాండులో మమ్మల్ని దింపారు. పెద్దామె నా జడలో మల్లెపూల దండ తురిమి, తల నిమిరింది. కారు కదిలాక కూడా కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది. నేనూ ఊపాను. నాయన చేతులు జోడించి నిలబడ్డాడు.

బస్సులో అమ్మ కొంగు చివర ఉమ్మి తడి చేసి నుదురు రుద్దుకోవడం మొదలుపెట్టింది. కుంకుమ పోయాక కూడా రుద్దింది. చర్మం కమిలి ఎర్రబడింది, ఇంకా కుంకుమ ఉన్నట్టే కనబడింది. నాయన "చాలు" అన్నాడు. అమ్మ ఆగలేదు. తమ్ముడు నిద్రపోయాడు. వాడికి బిరియానీ దొరకలేదు, ఆ సంగతి అడిగే ధైర్యం వాడికి లేకపోయింది.

ఇంటికి వచ్చి దీపం పెట్టాక గాని ఆమె మాట్లాడలేదు.

"పేరు మార్చి చెప్పినావు. సరి, నోరు జారిందనుకున్నా. బొట్టు పెట్టింది, ఓర్చుకున్నా. ఔనౌను అన్నావే, ఆ ఔను ఎవుర్ని? నీ అమ్మనా, నన్నా, ఈ పిల్లోళ్ళనా?"

"అప్పుడు ఇంకేమి చెప్పేది?"

"నోట్లో ముద్ద ఉండె గదా. ఊరికే నములుతా ఉండకూడదా?"

 నాయన దగ్గాడు, అది నిజమైన దగ్గో కాదో నాకు తెలియదు. కోట కథ ఆ రోజుతో మా ఇంట్లో ఆగిపోయింది. తమ్ముడు ఒకసారి అడిగితే "అదంతా ఉత్తదిరా" అన్నాడు.

ఏడాది తిరక్కుండానే మిల్లు మూతపడింది. మొదట లే-ఆఫ్ అన్నారు, తరవాత లాకౌట్ అన్నారు, ఆ తరవాత ఏమీ అనలేదు. షిఫ్టుకు పిలిచే మిల్లు సంగు, అదే సైరను, ఊదడం ఆగింది. దానికి అలవాటు పడ్డ లైను ఇళ్ళవాళ్ళం పొద్దున్నే లేచి, ఏం చేయాలో తెలియక గుమ్మాల్లో కూర్చునేవాళ్ళం. గేటు ముందు జెండాలు పట్టుకుని నాయన కూడా చాన్నాళ్ళు కూర్చున్నాడు. అమ్మ చర్చి బళ్ళో ఆయాగా చేరింది. ఆ జీతంతో పొయ్యి ఒకపూట వెలిగేది.

చివరికి ఆ మాట అన్నది అమ్మే. అందుకే ఆ రోజు నేను మరిచిపోలేను. కంచంలో గంజి పోస్తూ, నాయన వైపు చూడకుండా, "కోయంబత్తూరు పోయి రా" అంది.

నాయన గంజి తాగుతూ ఆగాడు. "నువ్వే చెప్తాండావా?"

"నేనే. ఆ పేరుతోనే పో. నేను బొట్టు గూడా పెట్టుకుంటా. పిల్లోళ్ళు తినాల గదా."

ఆమె ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

నాయన మళ్ళీ ఆ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. రెండోరోజు పొద్దున తిరిగొచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అమ్మ నీళ్ళిచ్చింది. ఆయన తాగి చెప్పాడు.

ఇల్లు సులభంగానే దొరికింది. వరండాలో ముసలాయన పేపరు చదువుతున్నాడు. నాయన గేటు దగ్గర నిలబడి దండం పెట్టాడు. ముసలాయన గుర్తుపట్టాడు. గుర్తుపట్టాడని ఆ కళ్ళు చెప్పాయట. కాని లేవలేదు. లోపలికి రమ్మనలేదు. ఆయనకు తెలిసిపోయింది. తిరుమంగళం చుట్టాలను ఏదో పెళ్ళిలో కలిసి, మీ ఇంటివాడొకడు మదుర మిల్లులో ఉన్నాడే అని అడిగి ఉంటాడు, అంతే.

"తిట్టినాడా?" అమ్మ అడిగింది.

"లేదు."

"మరి?"

"'ఎన్న వేణుం?' అన్నాడు." నాయన గ్లాసు కింద పెట్టాడు. "ఏమి గావాల అని, నాతో తమిళంలో మాట్లాడినాడు."

అమ్మ ఆ గ్లాసు పక్కకు జరిపింది.

"నేను తెలుగులో, అయ్యా, పని ఇప్పిస్తానంటిరే అన్నా. మళ్ళీ తమిళంలోనే, ఇక్కడ పని ఏమీ లేదు, పో అన్నాడు. మెల్లగానే అన్నాడు. లోపల కిటికీ కాడ అవ్వ నిలబడుండాది. చూస్తానే ఉండాది. బయటికి రాలా. అప్పుడు నేను గూడా తమిళంలో, సరి అయ్యా అని వచ్చేస్తి."

తిట్టి ఉంటే, తరిమి ఉంటే ఆయన ఆ పగతోనైనా బతికేవాడేమో. ఆ ముసలాయన చేసిందల్లా తన భాషను వెనక్కి తీసుకోవడం. వాకిట్లో మాకు అరువిచ్చిన మంచాన్ని లోపలికి లాక్కున్నట్టు లాక్కున్నాడు.

ఆ తరవాత నాయనకు పని దొరికింది. దిండిగల్‌లో, ఆ బండ కింద, తోళ్ళ షెడ్డులో. ముట్టనని ఒట్టు పెట్టుకున్న తోలు, సున్నం గుంతలోంచి చేతులతో పైకి లాగే పని. వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. వేళ్ళ సందుల్లో చర్మం ఊడిపోయి, అన్నం కలుపుకోలేక చెంచాతో తినేవాడు. ఎంత తోముకున్నా ఆ వాసన పోయేది కాదు. మేము మూతి మూసుకోకుండా ఉండటం నేర్చుకున్నాం.

ఇంకొకటి కూడా జరిగింది, అది ఎప్పుడు మొదలైందో ఎవరం గమనించలేదు. నాయన ఇంట్లో తెలుగు మాట్లాడటం మానేశాడు. మొదట తమ్ముడితో తమిళం, తరవాత నాతో, ఆ తరవాత అమ్మతో. అమ్మ తెలుగులోనే అడిగేది, ఆయన తమిళంలో జవాబిచ్చేవాడు. ఏళ్ళ తరబడి ఒకే గదిలో రెండు భాషల్లో కాపురం చేశారు. తమ్ముడికి తెలుగు అర్థమవుతుంది, నోరు తిరగదు. వాడి పిల్లలకు అదీ లేదు.

నేను మిషను ఆసుపత్రిలో నర్సు చదువు పూర్తిచేసి చిత్తూరులో ఉద్యోగంలో చేరాను. తెలుగు అక్షరాలు అక్కడే, పెద్దయ్యాక, ఆసుపత్రి బోర్డుల మీద చదివి నేర్చుకున్నాను. నా తెలుగు విని అక్కడివాళ్ళు నవ్వేవారు. "ఈ మాట యాడిది?" అనేవారు. నవ్వు అయ్యాక, మెల్లగా, "ఇంతకీ మీరేమోళ్ళు?" అని అడిగేవారు. నేను చెప్పేదాన్ని. చెప్పాక ఒక్కొక్కరి మొహం ఒక్కో రకంగా మూసుకునేది. ఒక్కసారి కూడా వేరే పేరు చెప్పలేదు. అది ధైర్యం కాదు, బస్సులో ఎర్రగా కమిలిన ఆ నుదురు కళ్ళ ముందు నుంచి పోలేదు, అంతే.

నాయన చివరి రోజుల్లో ఊపిరితిత్తులు దెబ్బతిని మంచాన పడ్డప్పుడు సెలవు పెట్టి వెళ్ళాను. దూది వల్లనో సున్నం వల్లనో డాక్టరు చెప్పలేకపోయాడు. ఒక మధ్యాహ్నం ఆయన కాస్త తేటగా ఉన్నప్పుడు అడిగాను, ఆరోజు ఆ పేరు ఎందుకు చెప్పావు నాయనా అని. ఆయన గోడవైపు తిరిగాడు. "విడు, ఇప్ప ఎదుక్కు అదెల్లాం" అన్నాడు తమిళంలో, ఇప్పుడెందుకులే అవన్నీ అని.

అమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూంది. తల ఎత్తకుండా ఆమె చెప్పింది.

"ఆ పెద్దాయన ఈయన భుజం మీద చెయ్యి ఏసినాడు గదా. ఆ చెయ్యి తీసెయ్యకుండా ఇంకొంచెం సేపు ఉండాలని ఈయన ఆ పేరు చెప్పినాడు. నాకు అప్పుడే తెలుసు." ఒక గింజ తీసి పక్కన పెట్టింది. "ఆ చెయ్యి బరువు ఎక్కువ. నేను ఇన్నేండ్లు పక్కనే కూచోనుంటే, అది ఈయనకి లెక్కలోకే రాలా."

నాయన విన్నాడు. ఏ భాషలోనూ ఏమీ అనలేదు.